డిప్పర్‌ని బొటనవేలితో పట్టుకుంటేనే లో బీమ్, హ్యాండిల్ ఎడమకి తిప్పితే ఇంజిన్ ఆఫ్. స్విచ్ మార్చాలా?

పాతసైలెన్సర్

అందరికీ నమస్కారం. నా దగ్గర 30 ఏళ్ళు దాటిన సింగిల్ సిలిండర్ బండి ఉంది. 12 వోల్టులు, ప్లాటినం పాయింట్లు, బ్యాటరీ ఇగ్నిషన్. హెడ్‌లైటు కూడా బ్యాటరీ మీదే, ఇంజిన్ ఆపి కీ తిప్పినా వెలుగుతుంది. ఇంజిన్ విషయంలో వంక పెట్టడానికి లేదు, ఒక్క కిక్కుకే లేస్తుంది. ఏడిపించేదల్లా కరెంటే.

మొదటిది లో బీమ్. డిప్పర్ స్విచ్‌ని (హై, లో బీమ్ మార్చేది) బొటనవేలితో కాస్త కిందకి నొక్కి పట్టుకుంటేనే వెలుగుతుంది, వేలు తీస్తే మిణుకుమని ఆరిపోతుంది, హై బీమ్‌కి మాత్రం ఏ రోగమూ లేదు. రెండోది హారన్, పగలు బాగానే మోగుతుంది కానీ హెడ్‌లైటు వేసి ఉన్నప్పుడు నొక్కితే గొంతు పోయినవాడిలా మూలుగుతుంది. మూడోదే నాకు భయం, హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి తిప్పితే ఒక్కోసారి ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. మొన్న యూటర్న్ మధ్యలో ఆగింది, వెనకాల లారీ. ఇంకేం చెప్పను.

బ్యాటరీ కొత్తది వేశాను, తేడా లేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే డిప్పర్ దగ్గర రెండు వైపులా 12 వోల్టులు చూపిస్తోంది, అంటే స్విచ్ మంచిదేనా? మెకానిక్ ఏమో "రెండు వైపులా స్విచ్ సెట్లు మార్చేయ్, లేదంటే వైరింగ్ మొత్తం కొత్తది వేద్దాం" అంటున్నాడు. ఈ బండికి అసలు సెట్ ఇప్పుడు దొరకదు, దొరికేవి చూస్తే బొమ్మ బండి స్విచ్‌ల్లా ఉన్నాయి. పాతదాన్ని విప్పి బాగుచేసుకోవచ్చా? మీటర్ వాడటం ఓ మోస్తరుగా వచ్చు, సోల్డరింగ్ వచ్చు, ఓపిక ఉంది.

ఎర్త్‌వైరు

ఇప్పుడప్పుడే ఏమీ కొనకండి. మీరు చెప్పినవి మూడు వేరువేరు జబ్బులు కావచ్చు, మూడింటికీ కలిపి ఒకే స్విచ్ మీద నింద వేస్తే కొత్తది బిగించాక కూడా రెండు అలాగే మిగిలిపోతాయి.

ముందు ఆ 12 వోల్టుల సంగతి. లోడ్ లేకుండా, అంటే బల్బు కరెంటు లాగనప్పుడు, తీసిన రీడింగుని నమ్మొద్దు. మల్టీమీటర్ లాగే కరెంటు ఎంత? లేనట్టే లెక్క. వైరులో ఇరవై పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా, స్విచ్‌లో చిలుము పట్టి సూదిమొనంత చోట మాత్రమే అంటుకుంటున్నా మీటర్ దర్జాగా 12 చూపిస్తుంది. అదే చోట నుంచి 35 వాట్ల బల్బు దాదాపు 3 ఆంపియర్లు లాగేసరికి అసలు రంగు బయటపడుతుంది. అందుకే పాతకాలపు మెకానిక్కులు మీటర్ పక్కన పెట్టి, ఒక బల్బుకి రెండు వైర్లు కట్టి టెస్ట్ ల్యాంప్‌తో చూసేవాళ్ళు. తెలివితక్కువ వాళ్ళేం కాదు.

ఇలా చేయండి. మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబు హెడ్‌లైటు హోల్డర్‌లో లో బీమ్ పిన్ మీద పెట్టండి. హోల్డర్ బల్బుకి తగిలించే ఉండాలి, లైటు వెలుగుతూ ఉండాలి, అది ముఖ్యం (మీ వేలితోనే నొక్కి పట్టుకోండి, తప్పదు). అప్పుడు మీటర్ చూపించేది బ్యాటరీ నుంచి బల్బు దాకా దారిలో తినేసిన వోల్టేజీ. అర వోల్టు లోపు ఉంటే ఆ వయసు బండికి సంతోషించాలి, ఒకటి దాటితే మధ్యలో ఎక్కడో దొంగ ఉన్నాడు. దొంగని పట్టుకోవడానికి దారిని ముక్కలు చేయండి: బ్యాటరీ నుంచి కీ స్విచ్ బయటికొచ్చే వైరు దాకా ఒకటి, డిప్పర్ లోపలికి వెళ్ళే వైరుకీ బయటికొచ్చే వైరుకీ మధ్య ఒకటి, మిగిలింది ఒకటి. తర్వాత ఎర్త్ వైపు (బల్బు నుంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి) కూడా చూడాలి, బల్బు ఎర్త్ పిన్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య. చాలామంది ప్లస్ వైపే వెతికి వెతికి అలిసిపోతారు, ఎర్త్ సంగతే గుర్తుండదు. నా పేరు చూసి పక్షపాతం అనుకోకండి.

హారన్‌కి ఇంకో చిన్న పరీక్ష. చాలా బళ్ళలో హారన్‌కి కీ నుంచి ప్లస్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, బటన్ చేసేది రెండో వైరుని ఎర్త్ చేయడమే. ఒక వైరు ముక్క తీసుకుని హారన్ రెండో టెర్మినల్ నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కి ఆనించండి, హెడ్‌లైటు వేసి ఉంచే. గట్టిగా మోగితే బటనో, హ్యాండిల్ ఎర్తో తప్పు. అప్పుడూ మూలిగితే ప్లస్ వైపే చూసుకోవాలి. ఏది ప్లస్, ఏది బటన్ వైరు అన్నది ముందు తేల్చుకోండి, పొరపాటున ప్లస్‌ని మైనస్‌కి ఆనిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది.

కిక్‌రాడ్

అన్నా, ఇంత లెక్కలెందుకు, స్విచ్ సందులోంచి తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే కొట్టి ఓ యాభైసార్లు అటూ ఇటూ ఆడించు. నాది అలాగే సెట్ అయింది.

చిలుముగీకుడు

సెట్ అయింది, ఎన్నాళ్ళకి? ఆ స్ప్రే తడిని తరుముతుంది, బిగుసుకున్న స్విచ్‌ని కదిలిస్తుంది, అంతవరకు మంచిదే. తర్వాత పల్చటి నూనె పొర మిగులుతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది, మూడు నెలలకి లోపల నల్లటి గుజ్జు. కాంటాక్ట్ క్లీనర్ అని విడిగా దొరుకుతుంది, అది మురికిని కడిగి ఆవిరైపోతుంది. కొన్ని రకాలు పాత ప్లాస్టిక్‌ని తినేస్తాయి, డబ్బా మీద ప్లాస్టిక్‌కి పనికొస్తుందని ఉంటేనే వాడండి. పెట్రోలుతో కడిగేవాళ్ళని కూడా చూశాను, ట్యాంకు ముందే ఉందిగా అని. వద్దు. కాస్త తడి మిగిలి ఉండగా కీ తిప్పితే చాలు.

అయినా వేలితో నొక్కితేనే వెలుగుతోందంటే నాకు మురికి ఒక్కటే అనిపించట్లేదు. లోపల ప్లాస్టిక్ కరిగి ఇత్తడి ముక్క కుంగి ఉంటుంది. ఏళ్ళ తరబడి లో బీమ్ మీదే తిరిగే బళ్ళకి ఆ వైపే పోతుంది, మీ హై బీమ్ బాగుందంటే అందుకే.

పాతసైలెన్సర్

రీడింగులు తీశాను. లో బీమ్‌కి దారి మొత్తం మీద 2.3 వోల్టులు పోతోంది! అందులో బ్యాటరీ నుంచి కీ స్విచ్ దాటేదాకా 0.6, డిప్పర్ ఒక్కదాంట్లోనే 1.4, మిగతా 0.3 వైర్లూ కప్లర్లూ (వైర్లని కలిపే ప్లగ్గులు). హై బీమ్‌కి డిప్పర్‌లో పోయేది 0.2 మాత్రమే. ఎర్త్ వైపు 0.1. హారన్‌కి నేరుగా మైనస్ ఇచ్చినా అదే మూలుగు. ఇంకోటి, హెడ్‌లైటు వేసి హారన్ నొక్కినప్పుడు కీ స్విచ్ దగ్గరి 0.6 కాస్తా 1.3 అయింది.

ఇంజిన్ ఆగిపోవడం మాత్రం దొరకట్లేదు. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్) మీద అనుమానం.

ఎర్త్‌వైరు

బాగా తీశారు. సగం కథ మీ అంకెల్లోనే ఉంది.

డిప్పర్‌లో 1.4 వోల్టులంటే, రెండున్నర ఆంపియర్లు వేసుకున్నా మూడున్నర వాట్ల వేడి ఆ చిన్న డబ్బాలో పుడుతోందన్నమాట. సోల్డరింగ్ ఐరన్‌కి తమ్ముడే. ప్లాస్టిక్ మెత్తబడదా మరి? మెత్తబడితే కాంటాక్ట్ కుంగుతుంది, కుంగితే సరిగ్గా ఆనదు, ఆనకపోతే ఇంకా వేడెక్కుతుంది. బల్బుకేమో 10 వోల్టులు చేరుతున్నాయి. ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు ఇంచుమించు 30 శాతం పడిపోతుంది, మీకు తగ్గింది అంతకంటే ఎక్కువే. ఇన్నాళ్ళూ దాన్ని పాత బండి లైటింతే అని సర్దుకుపోయి ఉంటారు.

హారన్ దొంగ కీ స్విచ్. హెడ్‌లైటుకీ హారన్‌కీ ఉమ్మడి దారి అదే, రెండూ ఒకేసారి లాగినప్పుడు రెట్టింపు తింటోంది. ఇగ్నిషన్ కాయిల్‌కి (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించేది) వెళ్ళే కరెంటూ అక్కడి నుంచే కాబట్టి దాన్ని అశ్రద్ధ చేయకండి.

కిల్ స్విచ్ విషయం: మీ బండిలాంటి బ్యాటరీ ఇగ్నిషన్ వాటిలో అది కాయిల్‌కి వెళ్ళే ప్లస్‌ని తెంచుతుంది. అందుకని చిలుము పడితే ఇంజిన్ ఆగిపోతుంది. మ్యాగ్నెటో బళ్ళలో (నిప్పురవ్వకి బ్యాటరీ అక్కర్లేనివి) తిరకాసు, అక్కడ కిల్ వైరుని ఎర్త్ చేస్తేనే ఇంజిన్ ఆగుతుంది, చిలుము పడితే స్విచ్ నొక్కినా ఆగదు. ఈ తేడా తెలియకుండా ఎవరో చెప్పారని వైర్లు కలిపేస్తే మ్యాగ్నెటో బండి అసలు స్టార్టే కాదు. మీరు కలపొచ్చు. హెడ్‌లైట్ డూమ్ (లైటు బిగించిన గిన్నె) లోపల కిల్ స్విచ్ నుంచి వచ్చే రెండు వైర్ల కప్లర్ విప్పి, బండి వైపు ఉన్న రెండింటినీ చిన్న ముక్కతో కలిపి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి హ్యాండిల్ ఎడమకి తిప్పండి. ఆపడానికి కీ ఉందిగా. అప్పుడు ఆగకపోతే స్విచ్ దోషి. అప్పుడూ ఆగితే స్విచ్‌కి సంబంధం లేదు, ఎందుకంటే డూమ్ హ్యాండిల్‌తోపాటే తిరుగుతుంది, హ్యాండిల్ నుంచి డూమ్ దాకా ఉన్న వైరు పెద్దగా వంగనే వంగదు. వంగేదంతా డూమ్‌కీ ఫ్రేముకీ మధ్య, మెడ దగ్గర. 30 ఏళ్ళలో అది ఎన్ని వేలసార్లు వంగి ఉంటుందో ఊహించుకోండి.

ఆరువోల్టులు

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. నాది ఇంకా పాత బండి, 6 వోల్టులు, హెడ్‌లైటు ఇంజిన్ నడిస్తేనే వెలుగుతుంది. డిప్పర్ మార్చినప్పుడల్లా కాదు గానీ అప్పుడప్పుడు వెనక బల్బు పోతోంది. ఇదీ స్విచ్ గొడవేనా?

చిలుముగీకుడు

స్విచ్ గొడవే అయ్యుండొచ్చు. మీది ఏసీ లైటింగ్, మ్యాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది. అలాంటి పాత వాటిల్లో చాలావాటికి రెగ్యులేటర్ ఉండదు, హెడ్‌లైట్ బల్బు లాగే లోడే వోల్టేజీని అదుపులో పెడుతుంది. డిప్పర్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వెళ్ళేటప్పుడు మధ్యలో ఒక్క క్షణం రెండు ఫిలమెంట్లూ వెలగాలి, అలాగే తయారుచేస్తారు. కాంటాక్టులు అరిగిపోయి మధ్యలో ఖాళీ వస్తే ఆ క్షణం హెడ్‌లైట్ లోడ్ మాయం, ఉన్న వోల్టేజీ అంతా పాపం ఆ చిన్న వెనక బల్బు నెత్తిన పడుతుంది. చీకట్లో గోడకి ఎదురుగా బండి పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా డిప్పర్‌ని మెల్లగా జరపండి, మధ్యలో గోడ చీకటైతే అదే. మీటర్ పెడితే ఏసీలో పెట్టండి, డీసీలో పెట్టి సున్నా చూపిస్తోందని కంగారు పడకండి. ఇంకో సంగతి, 6 వోల్టుల్లో అవే 35 వాట్లకి దాదాపు 6 ఆంపియర్లు కావాలి, కాబట్టి మీ స్విచ్‌లో కొంచెం చిలుము కూడా పెద్ద నష్టమే.

రెండుచక్రాలు

డిప్పర్‌ని ఎందుకు అంత కష్టపెట్టడం, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్) వేసేయండి. లో బీమ్‌కి ఒకటి, హై బీమ్‌కి ఒకటి. రిలే మీద పిన్‌లకి నంబర్లుంటాయి: బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా 30కి, 87 నుంచి బల్బుకి, డిప్పర్ వైరు 86కి, 85 ఎర్త్. స్విచ్ మోసేది రిలే కాయిల్ కరెంటే, 0.2 ఆంపియర్ల లోపు. జన్మలో మళ్ళీ కరగదు.

ఎర్త్‌వైరు

రిలే మంచిదే, కాదనను, కానీ రోగం నయం చేశాక. ఇప్పుడున్న స్థితిలో వేస్తే మీ కాంటాక్ట్ రిలేని కూడా టకటకలాడిస్తుంది. రిలే వేశాం కదా అని 100 వాట్ల బల్బు పెట్టే వీరులుంటారు, పాత ఆల్టర్నేటర్ అంత మోయలేదు, రెండు రాత్రుల్లో బ్యాటరీ పడుకుంటుంది.

పాతసైలెన్సర్

ఆదివారం మొత్తం దీనికే అంకితం. ఎర్త్‌వైరు గారూ, కిల్ స్విచ్ వైర్లు డూమ్‌లో కలిపినా ఎడమకి తిప్పితే ఇంజిన్ ఆగింది! అంటే ఇన్నాళ్ళూ కిల్ స్విచ్‌ని ఊరికే తిట్టుకున్నాను. ట్యాంకు తీసి మెడ దగ్గర వైర్ల తొడుగు కోసి, ఒక్కో వైరునీ రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూశాను. కాయిల్‌కి వెళ్ళే వైరు ఒకచోట రబ్బరు బ్యాండులా సాగింది. పైన తొడుగు చూస్తే నిక్షేపంలా ఉంది, గీత కూడా లేదు, లోపల పోగులన్నీ తెగి మొనలు ఒకదానికొకటి ఊరికే తగులుతున్నాయి. ఎడమకి తిప్పితే విడిపోవడం, నేరుగా పెడితే అంటుకోవడం. చేతిలో పట్టుకుని వంచుతుంటే లోపల ఇసుక ఉన్నట్టు కరకరలాడింది.

దాన్ని అక్కడే సోల్డర్ చేసేద్దామా?

చిలుముగీకుడు

వద్దు వద్దు. సోల్డర్ పోగుల్లోకి పాకి వైరుని పుల్లలా గట్టి చేస్తుంది, గట్టి భాగం ఆగిపోయే చోట మళ్ళీ తెగుతుంది, వంగే చోట అయితే ఇంకా త్వరగా. డూమ్ లోపల నుంచి ట్యాంకు కింద దాకా ఆ ఒక్క వైరుని కొత్త ముక్కతో మార్చండి, మందం పాతదానికి తగ్గకూడదు, పోగులు సన్నగా ఎక్కువ ఉన్నది తీసుకోండి. అతుకులు రెండు కొసల్లో, కదలని చోట, క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించి) స్లీవ్ తొడగండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాకే టై బిగించండి, కాస్త వదులు ఉంచండి. పక్కన ఉన్న మిగతా వైర్లనీ లాగి చూడండి, అన్నీ ఒకే వయసువే కదా.

పాతసైలెన్సర్

వైరు మార్చాను, పక్కది ఇంకోటి కూడా సాగింది, దాన్నీ మార్చాను. ఇంజిన్ ఇక ఆగట్లేదు, ఇంటి ముందు 8 అంకె ఆకారంలో ఇరవైసార్లు తిప్పాను, వీధివాళ్ళు వింతగా చూశారు.

ఇక డిప్పర్. బ్యాటరీ మైనస్ తీసేసి, విప్పేముందు ఫోటోలు తీసుకుని, స్విచ్‌నీ నా చేతుల్నీ ఒక పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి విప్పాను. ఎక్కడో చదివిన చిట్కా, ప్రాణం కాపాడింది. ఆఖరి స్క్రూ వదలగానే టిక్ మని ఒక బుల్లి గోలీ, దాని వెనకే స్ప్రింగు సంచి మూలకి ఎగిరాయి. ఆవగింజ కంటే కాస్త పెద్దది, నేల మీద పడి ఉంటే నా జీవితంలో దొరికేది కాదు.

లోపల చూస్తే గ్రీజు గోధుమరంగు జిగురైపోయింది. హై బీమ్ ఇత్తడి బిళ్ళ మసకగా ఉన్నా బాగుంది. లో బీమ్ బిళ్ళ అంచుల్లో పచ్చటి చిలుము, మధ్యలో నల్లటి గుంట, చిలుముగీకుడు అన్నట్టే ప్లాస్టిక్ కరిగి గోటి మందం కిందకి కుంగిపోయింది. కదిలే ముక్క దాని మీద నుంచి వెళ్తుంటే వెలుతురుకి పెట్టి చూశాను, రెంటి మధ్య సన్నటి సందు. వేలితో నొక్కినప్పుడు ఆ సందు మూసుకుంటోంది. ఇన్నాళ్ళూ నా వేలే స్ప్రింగు పని చేస్తోందన్నమాట.

బిళ్ళని సోల్డరింగ్ ఐరన్‌తో వెనక నుంచి వేడి చేసి పైకి నెట్టి, ఆరాక కింద ఎపాక్సీ పెట్టాను. 1500 నంబరు ఎమరీ పేపర్‌తో రెండు బిళ్ళలూ మెరిసేలా రుద్దాను, స్టీల్ ఊల్ జోలికి పోలేదు (పోగులు లోపల ఉండిపోతే షార్టే). క్లీనర్ కొట్టి ఆరనిచ్చాను. స్ప్రింగు నీరసంగా ఉంది, బాల్‌పెన్ స్ప్రింగు కత్తిరించి వేయొచ్చా? గ్రీజు ఏది పెట్టాలి?

చిలుముగీకుడు

పాతదాన్నే కొంచెం సాగదీసి చూడండి ముందు. పెన్ను స్ప్రింగు పనికొస్తుంది గానీ దాని గుండా కరెంటు వెళ్ళే నిర్మాణమైతే వద్దు, అంత సన్నటిది వేడెక్కి చచ్చుపడిపోతుంది. కేవలం గోలీని నెట్టడానికే అయితే సరే. గ్రీజు డైఎలక్ట్రిక్ సిలికాన్ గ్రీజు, అగ్గిపుల్ల కొసకి అంటినంత.

కిక్‌రాడ్

డైఎలక్ట్రిక్ అంటే కరెంటు పారనిది కదా, దాన్ని కాంటాక్టుకి పూయమంటున్నారేంటి 😀

చిలుముగీకుడు

పారదు, నిజమే. కానీ స్ప్రింగు ఒత్తిడికి ఇత్తడి ఇత్తడి మీద రుద్దుకునే చోట గ్రీజు పక్కకి తప్పుకుంటుంది, చుట్టూ ఉన్నది తడి చేరకుండా కాపలా కాస్తుంది. అందుకే పల్చగా అన్నాను. డబ్బా సగం నింపేస్తే నువ్వన్నట్టే అవుతుంది.

పాతసైలెన్సర్

స్ప్రింగు సాగదీస్తే సరిపోయింది. కీ స్విచ్ వెనక దిమ్మ కూడా విప్పి అదే వైద్యం చేశాను, అక్కడ చిలుము కంటే ఎండిన గ్రీజే ఎక్కువ. ఇప్పుడు రీడింగులు: డిప్పర్ లో బీమ్ 0.2, కీ స్విచ్ 0.15, మొత్తం 0.6 చిల్లర. హారన్ నొక్కితే నేనే ఉలిక్కిపడ్డాను. లో బీమ్ తెల్లగా పడుతోంది, బల్బు పాతదే.

ఒక్కటే మిగిలింది. ఇదంతా అయ్యాక చూస్తే వెనక బ్రేక్ లైట్ ఆరట్లేదు, పెడల్ మీద కాలు లేకపోయినా. నేనేం కెలికానో తెలీదు.

రెండుచక్రాలు

ముందు బ్రేక్ లివర్ స్విచ్ వైరు పీకి చూడండి, అప్పటికీ ఆరకపోతే పెడల్ దగ్గరిదే. దాని స్ప్రింగు మరీ లాగి ఉంటుంది. స్విచ్ బాడీని చేత్తో కదలకుండా పట్టుకుని నట్టు మాత్రం తిప్పండి, బాడీ తిప్పితే వైర్లు మెలికపడతాయి. బాడీ కిందకి దిగితే లైటు ఆలస్యంగా వెలుగుతుంది.

పాతసైలెన్సర్

పెడల్‌దే. రెండు చుట్లు దించాను, ఆరింది. ట్యాంకు పెట్టేటప్పుడు నా మోచేయి తగిలినట్టుంది.

ఆరువోల్టులు

నా గోడ చీకటైంది. సంచి వెతుక్కుంటున్నాను.